రోడ్డు దిగాక – 5వ పాఠం: వాకీటాకీ కొనేముందు కాన్వాయ్‌ని కొలవండి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మట్టిదారిలో ముందు బండి ఒక చెట్టు దాటిన టైము, చివరి బండి అదే చెట్టు దాటిన టైము రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు ఆ కాగితం బయటికి తీయండి. రాసుకోనివాళ్లు మా లెక్కతో సర్దుకోండి: ఆరు బండ్లు, గంటకు 15 కిలోమీటర్ల వేగం, మొదటి బండికీ చివరి బండికీ మధ్య 3 నిమిషాలు. ఆ వేగంలో నిమిషానికి 250 మీటర్లు కదులుతాం కాబట్టి కాన్వాయ్ పొడవు 750 మీటర్లు. దుమ్ము లేచి ఎడం పెంచుకున్న రోజు కూడా మాది కిలోమీటరున్నర దాటలేదు.

వాకీటాకీలు కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఉండాల్సింది ఈ అంకె. ఇది లేకుండా వెళితే అట్టపెట్టె మీది అంకె మనచేత కొనిపిస్తుంది. (ఈ పాఠంలో వాకీటాకీని ‘సెట్’ అనే అంటాను. పోలీసువాళ్ల నోట విని విని అలవాటైపోయింది.)

పెట్టె మీది అంకె ఎక్కడిది?

పెట్టె మీద 10 కిలోమీటర్లని, 30 కిలోమీటర్లని రాసి ఉంటుంది. పచ్చి అబద్ధమని అనను, కానీ మన దారిలో కొలిచింది మాత్రం కాదు. ఈ సెట్ల తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కూడి 4.12తో గుణించండి. భూమి వంపు అడ్డొచ్చేలోగా ఎన్ని కిలోమీటర్లు దొరుకుతాయో తెలుస్తుంది. ఇద్దరూ మైదానంలో నిలబడి సెట్లు మీటరున్నర ఎత్తున పట్టుకుంటే 10 కిలోమీటర్లు. ఒకరు 300 మీటర్ల కొండెక్కితే 76. పెట్టె మీది పెద్ద అంకెలకు పుట్టిల్లు ఆ కొండే.

మన దారులు వేరు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్‌నే తీసుకోండి. పై వంపులో ఉన్న బండికీ కింది వంపులో ఉన్న బండికీ మధ్య గీత గీస్తే కొన్నిచోట్ల 300 మీటర్లు కూడా ఉండదు. కానీ ఆ గీత కొండ పొట్టలోంచి పోతుంది. సెట్‌లో గరగర తప్ప ఏమీ రాదు. వాన పడ్డాక అడవిలో తడి ఆకులు ఇంకాస్త మింగేస్తాయి.

‘మరి ఎక్కువ వాట్ల సెట్ కొంటే సరిపోదా?’ అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. అర వాటు నుంచి 5 వాట్లకు పోతే బలం పదిరెట్లు, అంటే 10 డెసిబెళ్లు. రేడియోవాళ్ల సిగ్నల్ మీటరులో ఒక్కో మెట్టుకు 6 డెసిబెళ్లు. పదిరెట్ల బలం పెట్టి మనం ఎక్కింది రెండు మెట్లు కూడా కాదు. ఏ అడ్డూ లేని చోటైనా సరే, దూరం రెట్టింపు కావాలంటే బలం నాలుగింతలు కావాలి. కొండ అడ్డుంటే ఆ లెక్కా నిలవదు. ఘాట్‌లో పనికొచ్చేది మధ్య బండి. ముందు బండి చెప్పింది మూడో బండిలో అందుకుని వెనక్కి చెప్పాలి. పైసా ఖర్చు లేని రిపీటర్ అది. మూడో బండిలో ఓపికున్న మనిషిని కూర్చోబెట్టండి, చాలు.

ఏ సెట్ పెట్టుకోవచ్చు, ఏది కూడదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మన దేశంలో రేడియో సెట్ దగ్గర ఉంచుకోవాలన్నా లైసెన్సు కావాలన్నది 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఉన్నదే. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు మినహాయింపు ఉంది. ఆ కొద్దిపాటి జాగాను 12.5 కిలోహెర్ట్జ్ ముక్కలు చేస్తే 16 చానళ్లు. ఆరు బండ్లకు ఒక్కటి చాలు, పక్క గుంపు అదే చానల్‌లో దూరితే మారడానికి ఇంకొకటి. ఈ రకం సెట్లు అర వాటువి. కిలోమీటరున్నర కాన్వాయ్‌కి అర వాటు చాలదనేవాళ్లు పైన వేసిన లెక్క మళ్లీ చదవండి.

27 మెగాహెర్ట్జ్ దగ్గరి సిటిజన్ బ్యాండుకు కూడా 2005 నుంచి మినహాయింపు ఉంది. కానీ అక్కడ తరంగం పొడవు 11 మీటర్లు. చేతిలో పట్టే సెట్ మీద దానికి తగ్గ యాంటెన్నా పెట్టలేం. మా బ్యాచ్‌లో ఎవరూ వాడరు.

లైసెన్సు అక్కర్లేదన్నారు కదా అని ఏ సెట్ దొరికితే అది కొనకూడదు. మోడల్‌కు కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ, అంటే ఆ మోడల్‌కు ఆమోదపత్రం, ఉండాలి. అమ్మేవాడిని రెండే ప్రశ్నలు అడగండి: ఏ ఫ్రీక్వెన్సీ, ఈటీఏ నంబరు ఎంత? నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో ఈ వివరాలేవీ లేకుండా సెట్లు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలే తేవాల్సి వచ్చింది. ‘136 నుంచి 174, 400 నుంచి 520’ అని రాసున్న చవక సెట్లు చూసి మోజుపడకండి. అందులో బటన్ నొక్కితే ఎవరి మాటల మధ్యలో పడతామో మనకే తెలియదు. ఆ మధ్యనున్నది పోలీసువాళ్లు కావచ్చు, అంబులెన్సువాళ్లు కావచ్చు.

హ్యామ్ రేడియో దారి ఇంకోటి ఉంది, అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని సరదా కొద్దీ రేడియో నడపడం. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు. మోర్స్ కోడ్ భయం ఉంటే రెస్ట్రిక్టెడ్ గ్రేడు రాయండి, అందులో మోర్స్ లేదు. హైదరాబాదువాళ్లకు ఊళ్లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. లైసెన్సు వస్తే 144 – 146 మెగాహెర్ట్జ్‌లో మంచి సెట్లు, పైకప్పు మీద యాంటెన్నా, అన్నీ పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే ఆరు బండ్లలో ఆరుగురికీ లైసెన్సు ఉండాలి. మీకున్న లైసెన్సుతో మీ బావమరిది మాట్లాడడం కుదరదు. నా మాట అడిగితే హ్యామ్ నేర్చుకోండి, ఆ విద్య మీద ఇష్టంతో నేర్చుకోండి. కాన్వాయ్‌కి మాత్రం 446 సెట్లే కొనండి.

డాలస్ నుంచీ ఫీనిక్స్ నుంచీ ఈ పాఠాలు చదివే తమ్ముళ్లకు ఒక్క మాట: మీ పని మాకంటే సులువు. అమెరికాలో ఇలాంటి సెట్లకు ఇచ్చే జీఎంఆర్‌ఎస్ లైసెన్సుకు పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే 10 ఏళ్లు, ఇంటిల్లిపాదికీ ఒక్కటే. బండిలో బిగించే సెట్లు 50 వాట్ల దాకా పెట్టుకోవచ్చు. అలాగని సెలవుల్లో వచ్చేటప్పుడు వాటిని సూట్‌కేసులో వేసుకు రావద్దు. అక్కడి ఫ్రీక్వెన్సీలకు ఇక్కడ అనుమతి లేదు. శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరాలు కూడా అంతే. లద్దాఖ్ వెళ్లేవాళ్లు ఇది మరీ గట్టిగా గుర్తుంచుకోవాలి.

సిమ్ కార్డు వేసుకునే ‘అపరిమిత దూరం’ సెట్లు కూడా అమ్ముతున్నారు. అవి వాకీటాకీ వేషం వేసిన సెల్‌ఫోన్లు. నల్లమలలో ఫోనుకు సిగ్నల్ లేని చోట వాటికీ ఉండదు.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

446 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 67 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు దాదాపు 17. బొటనవేలంత యాంటెన్నా ముద్దుగా ఉంటుంది గానీ పని తక్కువ. రెండు మోడళ్లు నచ్చితే యాంటెన్నా పొడుగ్గా ఉన్నది తీసుకోండి. దాన్ని ఊడదీసి పైకప్పు యాంటెన్నాకు కలిపే ప్రయోగాలు వద్దు. అనుమతి వచ్చింది మీరు కొన్న సెట్‌కు, విప్పి మార్చిన సెట్‌కు కాదు.

బండి అంటే ఇనప డబ్బా. తరంగం అద్దాల్లోంచే బయటికి పోవాలి. సెట్‌ను గేరు పక్కన గుంటలో పడేసి ‘వినపడట్లేదు’ అంటే ఎలా వినపడుతుంది? మాట్లాడేటప్పుడు అద్దం దగ్గర, తల ఎత్తున, యాంటెన్నా నిటారుగా ఉండాలి. సీటు మీద పడుకోబెట్టిన యాంటెన్నా, అవతల నిలబెట్టిన యాంటెన్నాకు చాలా తక్కువ అందిస్తుంది.

బ్యాటరీ ‘14 గంటలు’ అని ఉంటే పక్కన 5-5-90 అని ఉందేమో చూడండి. నూరు నిమిషాల్లో 5 మాట్లాడడం, 5 వినడం, 90 ఊరికే ఉండడం అని లెక్క. మన కాన్వాయ్‌లో కబుర్లు అంతకంటే చాలా ఎక్కువ, అందుకని సగమే నమ్మండి. బండిలో చార్జింగ్ అయ్యే సెట్ అయితే మేలు. మాట వినగానే తనంతట తానే ఆన్ అయ్యే వాక్స్ సదుపాయానికి డబ్బు పెట్టొద్దు, డీజిల్ ఇంజిన్ చప్పుడుకే ఆన్ అయి కూర్చుంటుంది, చానల్ అంతా అడ్డుపడుతుంది. వాగులు దాటేవాళ్లు ఐపీ67 చూడండి: దుమ్ము చొరదు, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది.

ఇక టోన్, అంటే మాటతో పాటు సెట్ పంపే, మన చెవికి వినిపించని గుర్తు. ‘ప్రైవసీ కోడ్’ అని దీన్ని గొప్పగా చెప్పి అమ్ముతారు. మీ మాటలు ఎవరికీ వినపడవని అర్థం కాదు. ఆ టోన్ లేని మాటలు మీ సెట్ వినిపించదు, అంతే. ఒకసారి జమ్మలమడుగు దగ్గర పెన్నా ఇసుకలో మా చివరి బండి కూరుకుపోయింది. అతను ఇరవై నిమిషాలు పిలిచాడు. మేమేమో ‘ఎక్కడున్నావన్నా, పలకవేం?’ అంటూనే ఉన్నాం. మా మాటలన్నీ అతనికి వినపడుతున్నాయి, అతనిది ఒక్కటీ మాకు రాలేదు. ముందురోజు రాత్రి పిల్లవాడు ఆడుకుంటూ ఆ సెట్ టోన్ తీసేశాడని తర్వాత తేలింది. వినడం బాగుండి, మన మాట మాత్రం ఎవరికీ చేరకపోతే ముందు టోన్ చూడండి. బయల్దేరేముందు బటన్లు లాక్ చేయండి.

అన్ని సెట్లూ ఒకే మోడల్ కొనండి. ఆరు బండ్లకు ఏడు సెట్లు. ఏడోది స్పాటర్‌కి, అంటే బండి దిగి రాళ్ల మధ్య దారి చూపే మనిషికి. నిజం చెప్పాలంటే మా సెట్లలో పోయే మాటల్లో సగం ఆ పది మీటర్ల దూరానివే.

స్పాటర్ ఆ సెట్‌లో ఒక తెలుగు చిక్కుతో జాగ్రత్తపడాలి. మన భాషలో ‘వద్దు’ చివర్న వస్తుంది. ‘రావొద్దు’ అంటూ తొందరపడి బటన్ వదిలేస్తే అవతల ‘రా’ అని వినపడుతుంది, బండి ముందుకొస్తుంది. నేను ఒక బంపరు ఇలాగే పోగొట్టుకున్నాను. అందుకే స్పాటర్ నోట ‘రావొద్దు’, ‘తిప్పొద్దు’ ఉండకూడదు. ‘ఆగు’ ఒక్కటే. బటన్ నొక్కాక క్షణం ఆగి మొదలుపెట్టండి, మాట అయ్యాక క్షణం ఆగి వదలండి. పెద్దవాళ్లు నడుపుతున్నా ఆ ఒక్క మాటకు ‘అండి’ తగిలించొద్దు, ముందే చెప్పి క్షమాపణ అడిగేసుకోండి.

6వ పాఠంలోగా చేయాల్సిన పని: ఒకరు సెట్‌తో దారి వంపులో నిలబడండి, ఇంకొకరు బండిలో దూరంగా పోతుండాలి, పక్కన కూర్చున్నవాళ్లు అంకెలు లెక్కబెడుతూ సెట్‌లో మాట్లాడుతుండాలి. మాట ఎక్కడ తెగిందో బండి మీటరు చూసి రాసుకోండి. మూడుసార్లు చేయండి: సెట్ సీటు మీద పెట్టి ఒకసారి, అద్దం దగ్గర నిటారుగా పట్టుకుని ఒకసారి, బండి ఆపుతూ దిగి బయట నిలబడి ఒకసారి. ఆ మూడు అంకెలనూ కాన్వాయ్ పొడవు రాసిన కాగితం మీదే, దాని కిందే రాయండి. సెట్లు ముందురోజు రాత్రే చార్జింగ్ పెట్టండి, పిల్లలకు అందని చోట.