ఇంటి అక్వేరియం, నాలుగో పాఠం: ఫిల్టర్‌లో ఏమి నింపాలి

గత పాఠంలో ‘స్పాంజ్ మురికి పట్టగానే కడగండి’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. ఏ నీళ్లతో కడగాలో రాయలేదు. ఆ లోపం నాదే. తిరుపతి కొర్లగుంట నుంచి ఒక సోదరి ఫోను చేసి, “అన్నయ్యా, కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. మూడో రోజుకు తొట్టిలో నీళ్లు పాలు కలిపినట్టు అయ్యాయి. గప్పీలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి” అన్నారు. చిత్తూరు నుంచి ఇద్దరు ఇదే చెప్పారు. కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి. అది వాటికే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజ్ పొరల్లో, ఫిల్టర్‌లో వేసే సిరామిక్ రింగుల రంధ్రాల్లో జిగురుగా అంటుకుని బతుకుతాయి. మీరు మురికి అనుకున్న ఆ గోధుమరంగు జిగురులోనే అవి ఉన్నాయి. కళ్యాణి డ్యాం నీళ్లైనా, తెలుగుగంగ నీళ్లైనా కుళాయిలోకి క్లోరిన్‌తోనే వస్తాయి. సూక్ష్మజీవులను చంపడానికే క్లోరిన్ కలుపుతారు, ఇక్కడా అదే పని చేసింది.

ఇప్పటికే కడిగేసినవారు రెండు రోజులు మేత ఆపండి. గాలి పంపు రాత్రింబవళ్లు నడవనివ్వండి. రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి పోయండి. జబ్బులేని పాత తొట్టి ఉన్న స్నేహితుల దగ్గర స్పాంజ్ ముక్క దొరికితే మీ ఫిల్టర్‌లో పెట్టండి. కొత్తగా బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ముక్క ఉంటే ఇంకా త్వరగా కుదురుకుంటుంది. ఇకమీదట తొట్టిలోంచి తీసిన నీళ్లను బక్కెట్‌లో పోసి, అందులోనే స్పాంజ్‌ను రెండుమూడుసార్లు పిండండి. తెల్లబడనక్కర్లేదు.

ఇప్పుడు ఎంపిక. దుకాణంలో మీడియా అని అమ్మే, ఫిల్టర్‌లో నింపే సరుకు ఏదైనా సరే, నేను అడిగేది ఒక్కటే: దీన్ని ఎన్నేళ్లు పారేయకుండా ఉంచుకోగలను? ముతక స్పాంజ్ ఏళ్ల తరబడి ఉంటుంది, మురికినీ పడుతుంది, బ్యాక్టీరియాకూ చోటిస్తుంది. చిన్న తొట్టికి ఒక్క స్పాంజ్ చాలు. తెల్ల దూది సన్నటి మురికిని పట్టడానికే, మూసుకుపోగానే పారేయాలి. సిరామిక్ రింగులు మంచివే. నేనైతే రంగు, సున్నం అంటని మట్టికుండ పెంకులు కడిగి వాడతాను. కొత్త రాయి ఏదైనా వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, అసలే సున్నంతో గట్టిగా ఉండే బోరు నీళ్లలో అది వద్దు. నీళ్లకు ముందు స్పాంజ్, తర్వాత దూది, చివర రింగులు తగలాలి. తొట్టి పైన పెట్టే ఫిల్టర్‌లో నీళ్లు కిందికి దిగుతాయి, చాలా క్యానిస్టర్లలో (తొట్టి బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్లలో) కిందినుంచి ఎక్కుతాయి. మీది చూసుకుని పేర్చండి.

నాకు కోపం తెప్పించేది నల్ల కార్బన్ సంచి. అది అన్నిటికీ మందు అన్నట్టు అమ్ముతారు. కార్బన్ నీటి రంగును, వాసనను, కరిగిన మందులను పీల్చుకుంటుంది. అమ్మోనియాకు దాన్ని నమ్ముకోకూడదు. నైట్రేట్‌ను తీయదు. గిన్నె అడుగున తెల్లపూత కట్టించే బోరు నీటి గట్టితనాన్నీ తీయదు. కొన్ని వారాలకే నిండిపోతుంది. ఫిల్టర్ అంతా కార్బన్ సంచులే నింపి నెలనెలా మార్చేవారు, బ్యాక్టీరియాను కూడా నెలనెలా చెత్తబుట్టలో వేస్తున్నారు. ఒకరు జబ్బు చేపకు నీలం మందు వేసి, తెల్లవారేసరికి నీళ్లు తేటపడ్డాయని సంతోషించారు. మందును కార్బన్ పీల్చేసింది, చేపకు అందలేదు. మందు వేసేటప్పుడు కార్బన్ తీసేయండి, చికిత్స అయ్యాక మిగిలిన మందును తీయడానికి పెట్టండి. మిగతా రోజుల్లో నా ఫిల్టర్‌లో కార్బన్ ఉండదు.

జియోలైట్ అనే ఖనిజం అమ్మోనియాను నిజంగానే పడుతుంది, కానీ ఉప్పు కలిస్తే పట్టినదాన్ని తిరిగి వదులుతుంది. తొట్టిలో ఉప్పు వేసే అలవాటున్నవారు దాని జోలికి వెళ్లకండి.

అభ్యాసం: ఎనిమిది ఆదివారాలు చేయాలి. ఫిల్టర్ నీళ్లు తొట్టిలోకి పడే చోట లీటరు మగ్గు పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. రెండడుగుల తొట్టిలో దాదాపు 55 లీటర్లుంటాయి. గంటకు 300 లీటర్లు తిరిగితే మగ్గు 12 సెకన్లలో నిండాలి. 18 సెకన్లు దాటిన వారం మాత్రమే స్పాంజ్ పిండండి, ఆ వారం రింగులు ముట్టుకోవద్దు. పిండిన మూడో రోజు అమ్మోనియా పరీక్ష చేసి, ఆ అంకెను పక్కనే రాయండి. వచ్చే పాఠం నీళ్లు మార్చడం గురించి. ఈ కాగితం చేతిలో ఉంటేనే అది మొదలుపెట్టండి.