పార్క్ స్ట్రీట్ సమాధులు చూడాలంటే

మా ఊరి కైఫియత్తు (ఊరి చరిత్ర రాసిన పాత రికార్డు) చదివిన రోజు నుంచీ, దాన్ని సేకరింపజేసిన ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ సమాధి చూడాలని నాకు కోరిక. 1821లో కన్నుమూసిన ఆయన్ని కోల్‌కతాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఖననం చేశారు. 1767లో తెరిచిన చోటది. ఆ వీధినే అప్పట్లో బరియల్ గ్రౌండ్ రోడ్ అనేవారు.

పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితేనే అరిగిన అక్షరాలు కనిపిస్తాయి. చెట్లనీడలో ఉన్న రాయికైతే ఫోన్ టార్చ్‌ని ఎదురుగా కాదు, పక్కనుంచి రాతికి ఆనించినంత దగ్గరగా పట్టుకోండి. ఒక పలక మీద నాకు ఉత్త గీతలా కనిపించింది, అలా వెలుగు వేయగానే 7 అంకె అయింది. సుద్ద రుద్దొద్దు. నాచు గీకొద్దు, ఇటుక మీది సున్నపు గచ్చు దాంతోపాటే ఊడొస్తుంది.

అన్నిటికంటే ఎత్తుగా కనిపించేది 1794లో పోయిన సంస్కృత పండితుడు విలియం జోన్స్ స్తంభం. దాన్ని గుర్తు పెట్టుకుంటే దారి తప్పరు. గుడిలా కట్టింది, హిందూ ఆచారాలంటే ఇష్టపడ్డ కంపెనీ సైన్యాధికారి చార్లెస్ స్టువర్ట్‌ది. యువకవి డెరోజియో దగ్గర కాసేపు ఆగండి, 22 ఏళ్లకే పోయాడు. పేర్లతో పాటు వయసులు కూడా చదవండి, పసిపిల్లలు ఎంతమందో!

మెకంజీ దగ్గర నిలబడ్డప్పుడు మన ఏలూరు కావలి వెంకట బొర్రయ్య గారిని తలుచుకోండి. మెకంజీకి సహాయకుడిగా, దుభాషిగా తెలుగు నేల మీద కళ్లూ, నోరూ అయినవాడు. 1803లోనే పోయారు. నేనక్కడ ఆయన పేరు పైకే పలికి వచ్చాను.