రోడ్ సైకిల్ కొత్తా? ముందు సీటు ఎత్తు చూసుకోండి
కాలు నేలకి అందాలని కొత్తవాళ్లు సీటు బాగా కిందికి దించేస్తారు. మోకాళ్ల నొప్పులు అక్కడ మొదలవ్వొచ్చు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ బాగా కిందికి వెళ్లినప్పుడు కాలు నిటారుగా రావాలి, నడుము మాత్రం పక్కకి ఒరగకూడదు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగే ఉంటుంది, కావలసింది అదే. తర్వాత మార్చాల్సి వస్తే ఒక్కోసారి 5 మిల్లీమీటర్లు చాలు. పాత ఎత్తు దగ్గర టేపు ముక్క అంటించుకోండి. సీటు గొట్టం మీద ఒక హద్దు గీత ఉంటుంది, అది బయటికి కనిపించేంత పైకి లాగొద్దు, విరిగే ప్రమాదం ఉంది. మరి ఆగేటప్పుడు ఎలా అంటారా? సీటు దిగి ముందుకి వచ్చి కాలు పెట్టడమే, టెన్షన్ అక్కర్లేదు.