మైలోమా రిపోర్టు చదవడం, 3వ పాఠం: తీసివేత వేస్తేనే కనపడే ప్రోటీన్

మైలోమా అంటే ఎముక మూలగలో ప్లాస్మా కణాలకొచ్చే క్యాన్సర్. పోయిన పాఠంలో హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ దగ్గర ఆగాం కదా. ఈసారి అదే రిపోర్టులో కిందెక్కడో మూలన పడుండే రెండు లైన్లు, టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్. పెన్ను పట్టుకోండి, లెక్క మూడో క్లాసుదే.

మా చిన్నాన్నది కవిటి దగ్గర ఊరు, కొబ్బరితోట పని. నడుం పట్టేసిందని ఏడాది తిరిగాడు, నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది. ఆ తర్వాత క్రియాటినిన్ 2.8 వచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఒకటే మాట, ఉద్దానం జబ్బే అని. "ఏటి చేస్తాంరా, మన నీళ్లే అంత" అనేసి ఆయన మంచమెక్కేశాడు, మేమూ నమ్మేశాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు నిజమే, దానికి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, అదీ నిజమే, కానీ క్రియాటినిన్ పెరిగిన ప్రతివాళ్లనీ ఆ ఖాతాలో రాసేస్తే చిన్నాన్నకొచ్చిన మైలోమా లాంటివి జారిపోతాయి.

ఆయన కాగితంలో టోటల్ ప్రోటీన్ 10.2, ఆల్బుమిన్ 3.1. తీసేయండి, 7.1. అదే గ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీలు కూడా కలిసుండే ప్రోటీన్లు, మామూలుగా సుమారు 2 నుంచి 3.5 దాకా ఉండాలి. ఒకే ప్లాస్మా కణం సంతతి మూలగలో నిండిపోయి ఒకే రకం యాంటీబాడీ తయారుచేసి పోస్తా ఉంటే ఇలా పెరుగుతుంది. టీబీలోనూ లివర్ జబ్బులోనూ కూడా గ్లోబ్యులిన్ పెరుగుతుంది, అందుకని ఇంటర్నెట్ చూసి ఏడుపులు మొదలెట్టకండి, తేల్చేది రక్తంలో ప్రోటీన్లని విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గ్రాఫు. వేరే జబ్బుల్లో చివర్లో వెడల్పుగా ధాన్యం కుప్పలా ఉంటుంది, మైలోమాలో సన్నగా తాటిచెట్టు లేచినట్టు ఒక్కటే నిలబడుతుంది. దాన్నే ఎం స్పైక్ అంటారు.

ఇంకో లెక్క. కాల్షియం 10.6 అనుంది, కొంచెమేలే అనుకున్నాం. ఆల్బుమిన్ తక్కువున్నప్పుడు కాల్షియం కూడా తక్కువగా కనపడుద్ది, కాబట్టి 4 లోంచి ఆల్బుమిన్ తీసేసి, మిగిలిన 0.9ని 0.8తో గుణించి కలపాలి. 11.3 వచ్చింది. 11 దాటితే ఎముకలు కరుగుతున్నాయేమో చూడాల్సిందే. కాల్షియం పెరిగితే దాహం ఎక్కువ, ఆయన ఊరికే నీళ్లు అడిగేవాడు, మేము ఎండలకనుకున్నాం.

ఇప్పుడు అసలు మెలిక. కొంతమందిలో కణాలు పూర్తి యాంటీబాడీ చెయ్యవు, లైట్ చెయిన్ అనే చిన్న ముక్కలే వదుల్తాయి, అవి కిడ్నీ గొట్టాల్లో అడ్డం పడతాయి. వీళ్లకి గ్లోబ్యులిన్ మామూలుగానో తక్కువగానో ఉంటుంది. మూత్రంలో ముంచే స్ట్రిప్పు ఆల్బుమిన్‌నే పడుతుంది, ఈ ముక్కల్ని పట్టదు, "ప్రోటీన్ నిల్" అని రాసిచ్చేస్తారు. అడగాల్సింది రక్తంలో ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష, 24 గంటల మూత్రం పరీక్ష. లైట్ చెయిన్లు రెండు రకాలు, కప్పా, లాంబ్డా, వాటి నిష్పత్తి 0.26 నుంచి 1.65 మధ్య ఉండాలి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి 3.1 దాకా పర్లేదు.

తర్వాత మూలగ పరీక్ష. ప్లాస్మా కణాలు 10 శాతం, ఆపైన ఉండి, దానితో పాటు కాల్షియం, కిడ్నీ, రక్తహీనత, ఎముక, వీటిలో ఒక్కదాంట్లో తేడా వచ్చినా వైద్యం మొదలెడతారు.

వైద్యం వచ్చే పాఠంలో వివరంగా, కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఆగలేరు కాబట్టి ఒక్క ముక్క. మైలోమా మందు బోర్టెజోమిబ్ సూది పొట్ట చర్మం కింద వేస్తారు, కిడ్నీ బాలేదని డోసు తగ్గించక్కర్లేదు, లెనలిడోమైడ్ మాత్రకి మాత్రం తగ్గించాలి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేసుకున్న రోజు షుగరు ఎగురుద్ది, నిద్ర పట్టదు. వైద్యం త్వరగా పడితే కొందరికి కిడ్నీ కోలుకుంటుంది, చిన్నాన్నకి 1.6కి దిగింది. కిడ్నీకి చేటు చేసే డైక్లోఫెనాక్ జోలికి మాత్రం మళ్లీ పోవద్దు, ఊళ్లో ఎవరు ఎంత ప్రేమగా సూది వేస్తానన్నా సరే.

అభ్యాసం: టోటల్ ప్రోటీన్ 6.1, ఆల్బుమిన్ 3.9, హిమోగ్లోబిన్ 8.6, క్రియాటినిన్ 3.4, మూత్రం స్ట్రిప్పులో ప్రోటీన్ నిల్. గ్లోబ్యులిన్ ఎంత? మైలోమా లేదని చెప్పేయొచ్చా? జవాబు రాసుకున్నాకే పైన లైట్ చెయిన్ పేరా మళ్లీ చదవండి.