హైపోనా, హైపరా? వార్డులో మాట తారుమారు కాకుండా చూసుకోండి

మా తిరుపతి వార్డుల్లో రాత్రి డ్యూటీ అంటే నాలుగు యాసల ఇంగ్లీషు. పీజీ డాక్టరుది కేరళ, హౌస్ సర్జన్‌ది కర్నూలు, మత్తు డాక్టరమ్మది తమిళనాడు, ఫోన్ ఎత్తే స్టాఫ్ నర్సుది పీలేరు. ఎవరు పలికింది వాళ్లకు కరెక్టే. కొత్తగా చేరినవాళ్లకు హెడ్ నర్సుగా నేను చెప్పేది ఒకటే: ఉచ్చారణ దిద్దుకోవడానికి తంటాలు పడొద్దు, తేడా తెలిసేలా పక్కన ఇంకో మాట తగిలించండి.

హైపో, హైపర్‌లతో మొదలుపెడదాం. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. హడావుడిలో ఆ చివరి అక్షరాన్ని అందరం మింగేస్తాం. "సార్, హైపోగ్లైసీమియా" అని ఊరుకోకండి. "సార్, ఏడో బెడ్డు, షుగర్ 48, తక్కువ, చెమటలు పడుతున్నాయి" అనండి. అంకె ముందు, జబ్బు పేరు తర్వాత. తక్కువైతే గ్లూకోజ్ ఎక్కించాలి, ఎక్కువైతే ఇన్సులిన్ ఇవ్వాలి. అటుదిటైతే ప్రాణం మీదికొస్తుంది. పొటాషియం కూడా అంతే. హైపోకలీమియా అనే బదులు "పొటాషియం 2.8" అంటే ఏ ఊరి డాక్టరుకైనా తెలిసిపోతుంది.

బాగా పలికినా లాభం లేని మాటలు కొన్ని ఉన్నాయి. ఇలియం అంటే చిన్నపేగు చివరి భాగం, ఇలియం అంటే తుంటి ఎముక కూడా. రాస్తే ఒక్క అక్షరం తేడా, పలికితే అదీ ఉండదు. "ఇలియం, పేగు" అనాల్సిందే. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట సరిగా రాకపోవడం. పక్షవాతం పేషెంటుకు ఈ రెండిట్లో ఏదైనా ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు, కాబట్టి ఊహించి సరిపెట్టుకోలేం. మింగలేని మనిషికి ఇడ్లీ పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొద్దున టిఫిన్ వచ్చేలోపే ఆ సంగతి తేల్చుకోండి. ఎముకల వార్డులో అబ్డక్షన్, అడ్డక్షన్ గొడవ ఉంటుంది. అక్కడ "ఏ బీ, ఒంటికి దూరంగా", "ఏ డీ, ఒంటి వైపుకి" అనండి.

మందుల పేర్లు ఇంకో తలనొప్పి. లాసిక్స్ ఒంట్లో నీరు తీసే మందు, లోసెక్ కడుపులో యాసిడ్ తగ్గించేది. ఈ రెండూ ఒకదానికొకటి పొరబడుతున్నారని అమెరికాలో 1990లో లోసెక్ పేరునే ప్రిలోసెక్‌గా మార్చేశారు. ఇంగ్లీషే సొంత భాష అయినవాళ్ల పరిస్థితి అది, పాపం మన పీలేరు అమ్మాయినేం అంటాం! హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకి. మందు పేరు చెప్పగానే అది దేనికో కూడా చెప్పండి. అప్పటికీ అనుమానముంటే అక్షరాలు విడగొట్టి చెప్పండి: ఎం ఫర్ మదనపల్లె, ఎన్ ఫర్ నగరి, పీ ఫర్ పుత్తూరు, బీ ఫర్ బంగారుపాళ్యం. ఢిల్లీ డాక్టరు నవ్వితే నవ్వనీండి, అక్షరం చేరింది కదా.

డోసు దగ్గర ఫిఫ్టీన్, ఫిఫ్టీ అనొద్దు. "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అనండి. ఎంసీజీ అని పొట్టిగా కాకుండా మైక్రోగ్రాములు అని పూర్తిగా పలకండి. అవతల ఎంజీ అని వినబడితే డోసు వెయ్యి రెట్లవుతుంది.

పెద్ద డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే "ఆ, సార్?" అనొద్దు. ఆయన అదే మాట ఇంకాస్త గట్టిగా అంటారు, అంతే. "సార్, పేగా, ఎముకా?" అని రెండిట్లో ఒకటి ఎంచుకునేలా అడగండి. దీనికి ఎవరికీ కోపం రాదు. ఫోన్ ఆర్డర్ అయితే ముందు రాసుకోండి, రాసింది చదివి వినిపించండి, "అవును" అన్నాకే మందు తీయండి. డాక్టరు వార్డుకి రాగానే దాని కింద సంతకం పెట్టించండి.

ఇక పేషెంటు తాలూకు వాళ్లు. స్టెంటుని స్టంట్ అన్నా, ప్రోస్టేట్‌ని ప్రాస్ట్రేట్ అన్నా దిద్దకండి, దానివల్ల వైద్యమేమీ మారదు. కానీ "మాయమ్మకు థైరాయిడ్ ఉంది, రాయవేలూరులో చూపిచ్చినాం" అన్నారనుకోండి, అక్కడ ఆగండి. ఎక్కువో తక్కువో వాళ్లకి తెలియకపోవచ్చు. వాడే మాత్రల షీటు అడగండి. థైరాక్సిన్ అయితే మామూలుగా తక్కువకి, కార్బిమజోల్ అయితే ఎక్కువకి ఇచ్చి ఉంటారు. షీటు ఇంట్లో ఉండిపోతే ఫోటో వాట్సాప్‌లో తెప్పించి, మందు పేరు చూసి కేస్ షీట్‌లో ఎక్కించండి.