ఆకులకు చిల్లులు పడనిచ్చే తోట

మా ఉమ్మడి తోటలో నాటిన జిల్లేడు మీద తెలుపు, నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగులు మొదటిసారి కనిపించిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. మర్నాడు వెళ్లి చూస్తే ఒక్కటీ లేదు. మొక్కకు చీడ పట్టిందనుకుని తోటి సభ్యుడు ఒకరు సాయంత్రం పురుగుమందు కొట్టారట. ఆయనను తప్పు పట్టలేను. ఆ పురుగుల కోసమే జిల్లేడు నాటామని నేను ఎవరికీ చెప్పలేదు.

అందుకే పదిమంది కలిసి పిట్టలు, సీతాకోకచిలుకలు, తేనెటీగల కోసం స్థానిక మొక్కల తోట వేయాలనుకుంటే, గుంత తవ్వకముందే అందరూ ఒక మాట మీదికి రావాలి: ఇక్కడి ఆకులను పురుగులు తింటాయి, మనం తిననివ్వాలి. గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పిల్లలకు పురుగులనే మేపుతాయి. ఉత్తర అమెరికాలో చికడీ అనే చిన్న పిట్టల జంట ఒక్క విడత పిల్లలను పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలని కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ చెబుతారు. పురుగు లేని తోటలో పిట్ట గూడు కట్టినా పిల్లలకు తిండి ఉండదు.

స్థల యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎండాకాలంలో ఏ రోజు ఎవరు నీళ్లు పోయాలో ముందే రాసుకోండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఎండ ఎటునుంచి పడుతుందో, తనంతట తాను ఏం మొలుస్తోందో కొన్ని నెలలు గమనించండి. అక్కడ మొలిచిన ప్రతిదీ కలుపు కాదు.

మొక్కను ఎంచుకునేటప్పుడు పువ్వు అందం తర్వాత చూద్దురుగాని. ఇది ఎవరికి తిండి పెడుతుందని ముందు అడగండి. నేను చెప్పేవి నాకు తెలిసిన నేలలో పెరిగే మొక్కలు. మీరున్న చోట అవి స్థానికం కాకపోతే పేర్లు వదిలేసి పద్ధతి తీసుకోండి. తంగేడు, రేల ఆకుల మీద లేత పసుపు, తెలుపు రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నిమ్మ, మారేడు, కరివేప మీద పెరిగే గొంగళిపురుగులు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి. ఆ వేషంతోనే పిట్టల కన్నుగప్పుతాయి. ఈశ్వరి తీగ నాటితే ఎర్రటి ఒంటితో, నల్ల రెక్కలతో ఉండే సీతాకోకచిలుకలు వస్తాయి. లాంటానా పూల మీదా సీతాకోకచిలుకలు వాలతాయి, నిజమే. కానీ అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన ఆ మొక్క చుట్టూ అల్లుకుపోయి మిగతా వాటిని బతకనివ్వదు. దాన్ని నేను నాటనివ్వను.

తంగేడు దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడండి. ఆ పూలలో మకరందం ఉండదు. తుమ్మెద పువ్వును పట్టుకుని గట్టిగా ఝుమ్మంటూ అదిలిస్తే, కేసరాల కొసన ఉన్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. ఈ ఒక్క దృశ్యం కోసమైనా తంగేడుకు చోటివ్వాలి. జిల్లేడును మాత్రం పిల్లలు ఆడుకునే దారికి దూరంగా పెట్టండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, తాకినవారు చేతులు కడుక్కోవాలి.

నర్సరీ మొక్కలకు పురుగుమందు వాడారా అని అడిగి తీసుకోండి. కొన్ని మందులు మొక్క రసంలో కలిసి మకరందం, పుప్పొడి దాకా చేరతాయి. విత్తనం నుంచి పెంచుకుంటే ఈ బెంగ ఉండదు. రేల గింజ పెంకు గట్టిది, గరుకు కాగితంతో కొంచెం రుద్ది రాత్రంతా నానబెట్టి నాటండి.

ఒకే రకం మొక్కలను అయిదారు కలిపి గుంపుగా నాటండి. తేనెటీగ ఒక్కో తిరుగుడులో సాధారణంగా ఒకే రకం పూలను వెతుక్కుంటుంది. చెట్ల నీడ సీతాకోకచిలుకల కోసం మొక్కలు నాటిన మళ్ల మీద పడకూడదు, ఎండలో కాచుకుంటేనే అవి ఎగరగలవు. ఏ నెలలో ఏం పూస్తుందో రాసుకుని, ఖాళీగా ఉన్న నెలకు మొక్క వెతకండి.

తేనెపట్టు పెట్టే తేనెటీగలే కాదు, వాటి బంధువులైన అడవి ఈగలనూ కలిపి చూస్తే దాదాపు 70 శాతం జాతులు నేలలోనే గూళ్లు చేసుకుంటాయి. కాబట్టి నేలంతా కప్పేయకుండా ఎండ పడేచోట కొంత మట్టిని ఖాళీగా వదలండి. మిగతా చోట్ల రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టవద్దు. లోతు తక్కువ పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టి, రెండు మూడు రోజులకోసారి మార్చండి, దోమలు పెరగవు. జిల్లేడు కొమ్మలకు పసుపు రంగు పేనుబంక పడితే కంగారు వద్దు, వాటిని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. రాత్రి దీపాలు ఆర్పేయండి, చిమ్మటలు వాటి చుట్టూ తిరిగి అలసిపోతాయి.

మందు కొట్టిన సభ్యుడికే మేము గొంగళిపురుగుల లెక్క అప్పగించాం. ఏ మొక్క ఎవరి తిండో తెలిపే పలకలు కూడా ఆయనే రాశారు. కొమ్మలు కత్తిరించే రోజున ఇప్పుడు అందరికంటే ముందు ఆయనే వచ్చి, ప్రతి కొమ్మనూ ఆకుల అడుగు దాకా తిప్పి చూస్తారు. ప్యూపా, అంటే సీతాకోకచిలుకగా మారబోతున్న గొంగళిపురుగు, వేలాడుతున్న కొమ్మకు దారం కడతారు. దారం ఉన్న కొమ్మ జోలికి ఎవరూ వెళ్లరు.