ఊళ్లో చేతిపని నేర్పించాలంటే ముందు నోటుబుక్కు పట్టుకోండి

మాది అనంతపురం జిల్లా, బోర్లను నమ్ముకున్న ఊరు. గ్రామ సంఘం అధ్యక్షురాలిగా ఆరేళ్లు చేశాను. ఊరి పిల్లలకు ఏదో ఒక పని నేర్పించాలి, ఎవరిని కలవాలక్కా అని పక్క ఊళ్ల సంఘాల వాళ్లు అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

మొదటిసారి మేం తప్పు చేశాం. ఒక సంస్థ వాళ్లు వచ్చి కుట్టు నేర్పిస్తామంటే సరేనన్నాం. ముప్పై మంది ఆడపిల్లలు కూలి మానుకుని మూడు నెలలు నేర్చుకున్నారు. సర్టిఫికెట్లు ఇచ్చి, ఫోటోలు దిగి వాళ్లు వెళ్లిపోయారు. మా ఊరికి నలుగురు టైలర్లుంటే చాలు, అప్పటికే ముగ్గురున్నారు. పిల్లల మూడు నెలల కూలి పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఏ ఆఫీసు గడప తొక్కకముందు, మీ ఊరి డబ్బు ఏ పని కోసం బయటికి పోతోందో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. రెండోసారి మేం పది రోజులు తిరిగి మోటార్ల లెక్క రాశాం. ఎన్ని హెచ్‌పీ, ఏడాదిలో ఎన్నిసార్లు కాలింది, వైండింగ్ (కాలిన తీగ తీసి కొత్త తీగ చుట్టడం) ఎక్కడ చేయించారు, ఎంత తీసుకున్నారు, ఎన్ని రోజులు పట్టింది. లో వోల్టేజీ వచ్చినా, ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అడుగంటినా మోటారు కాలిపోతుంది. నాలుగు ఊళ్లు కలిపి చూస్తే ఎండాకాలంలో వారం తప్పకుండా ఏదో ఒక మోటారు ఆటో ఎక్కి టౌనుకు పోతోంది. అది తిరిగొచ్చేలోపు టమాటా వాడిపోతోంది, చీనీ (బత్తాయి) చెట్లు పిందె రాలుస్తున్నాయి. ఏ పని నేర్పించమని అడగాలో ఆ పుస్తకమే చెప్పింది.

ఇక అడగాల్సిన చోటు. జిల్లాకొకటి చొప్పున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి, ఆర్‌సెటి అంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల మంజునాథేశ్వర ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థ పెట్టాయి. దాన్ని చూశాకే కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వీటిని దేశమంతా పెట్టించింది. స్థలం రాష్ట్ర ప్రభుత్వం ఇస్తే బ్యాంకు నడుపుతుంది. మా అనంతపురంలో రుడ్‌సెటియే ఉంది. నేర్పడం, తిండి, బస అన్నీ ఉచితం. నేర్చుకుని వెళ్లినవాళ్లను రెండేళ్లపాటు వెంట ఉండి చూసుకోవడం కూడా వాళ్ల పనే. ఈ మాట చాలామందికి తెలియదు, గట్టిగా అడగండి. ఉత్త చేతులతో మాత్రం పోకండి. సంఘం తీర్మానం, ఆ లెక్కల పుస్తకం, నేర్చుకుంటామన్న వాళ్ల ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు జిరాక్సులు తీసుకెళ్లండి.

బ్యాంకు మేనేజరును శిక్షణకు ముందే కలవండి. నేర్చుకొచ్చాక లోను కోసం ఆరు నెలలు తిరిగితే చెయ్యి పని మరిచిపోతుంది. చిన్న షాపుకైతే కేంద్రం వాళ్ల ముద్ర పథకంలో శిశు అనే చిన్న లోను 50,000 దాకా వస్తుంది. పెద్దగా పెట్టాలంటే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) ఉంది, పల్లెల్లో ఆడవాళ్లకు 35 శాతం సబ్సిడీ.

దగ్గర్లో పెద్ద కంపెనీ ఉంటే వాళ్లనూ అడగండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం, పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చుపెట్టాలి. తమ చుట్టుపక్కల ఊళ్లకే మొదట చూడాలని కూడా అందులో ఉంది. వాళ్లు వేరే సంస్థ చేత చేయిస్తే ఆ సంస్థకు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నమోదు నంబరుందో లేదో చూసుకోండి. బిల్డింగు అడగొద్దు, పనిముట్లు అడగండి. గది పంచాయతీ ఇస్తుంది. ఎవరు ఏం ఇస్తారో, కరెంటు బిల్లు ఎవరు కడతారో ఒక కాగితం మీద రాసి అందరి చేత సంతకాలు పెట్టించండి.

మా వీధి కోడలొకామె నెల రోజులు ఉండి వైండింగ్ నేర్చుకొచ్చింది. ఆడమనిషి మోటారు విప్పుతుందా అన్నవాళ్లున్నారు. ఆమె దగ్గర కూర్చుని చూశాను. కాలిన తీగ పెరకడానికి ముందు కనెక్షన్ బొమ్మ గీసుకుంటుంది. ఒక చుట్ట కోసి, ఎన్ని చుట్లున్నాయో వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, తీగ మందం గేజితో కొలిచి రాసుకుంటుంది. ముక్కను కవర్లో వేసి రైతు పేరు రాసి మేకుకు తగిలిస్తుంది. ఇప్పుడా మేకు మీద ఇంకో కవరుకు చోటు లేదు.

షాపు తెరిచిన మొదటి ఏడాది ఉద్దెర దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. పంట రాందే రైతు దగ్గర డబ్బుండదు, తీగ కొట్టువాడేమో రొక్కం అడుగుతాడు. మేం చేసింది ఇదీ: తీగకు సంఘం అప్పు ఇచ్చింది. మోటారు తీసుకెళ్లేటప్పుడు రైతు సగం కట్టాలి, మిగతా సగం పంటయ్యాక. బాకీ ఆమె పుస్తకంలో కాకుండా సంఘం పుస్తకంలో రాస్తాం, వసూలుకు కూడా మేమే పోతాం.